వృద్ధ యోధుల సమాగమము

1971 సంవత్సరపు యుద్ధమున పాల్గొనిన తెలుగు సైనికులను, నావికులను, వైమానిక దళమువారిని ఒకచోట సమావేశపరచి ఆ సంగ్రామమును సంస్మరించుట అవశ్యకర్తవ్యమని మా యభిప్రాయము. 2026 డిసెంబరు 16వ తేదీకి ఢాకా లొంగుబాటు జరిగి 55 సంవత్సరములు నిండును. ఆనాడు ఇరువదియేండ్ల ప్రాయమున తుపాకి పట్టిన జవాను ఆ దినమునకు డెబ్బదియైదేండ్ల వృద్ధుడగును. అప్పటికే సుబేదారు పదవి నందుకొన్నవారి వయస్సు చెప్పనవసరము లేదు. ఇంత తొందర యెందులకు, 2031లో షష్టిపూర్తి రానే వచ్చుచున్నది, అప్పుడే మహావైభవముగా జరుపుదమని పలుకు పెద్దలు లేకపోలేదు. వైభవము మాట యటుంచుడు. షష్టిపూర్తికి పెండ్లికుమారుడే యుండవలయును గదా!

ఇట్టి విషయములందు కాలము చేయు పని యెట్టిదో తెలియుటకు అమెరికా దేశ చరిత్రమున నొక నిదర్శనము గలదు. ఆ దేశపు అంతర్యుద్ధమున మిక్కిలి ఘోరమైన పోరు 1863 జూలై మొదటి మూడు దినములలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి గెటిస్‌బర్గు నొద్ద జరిగెను. ఏబది యేండ్లకు, అనగా 1913లో, ఆ రాష్ట్రము ఉభయ సైన్యముల వృద్ధులను ఆ పొలములకే ఆహ్వానించెను. ప్రభుత్వ సైన్యము డేరాలు వేసి, వంటశాలలు నెలకొల్పి, వైద్యుల నుంచెను. ఏబదిమూడు వేలకు పైగా వృద్ధ సైనికులు ఆ మండుటెండలలో వచ్చి చేరిరి. పూర్వము ఏ రాతిగోడకు ఆవలనుండి యొకరినొకరు కాల్చుకొనిరో ఆ గోడమీదుగానే చేతులు చాచి కలిపిరి. మరల ఇరువదియైదేండ్లకు, 1938లో, రెండవ సమాగమము జరిగెను. అప్పటికి వచ్చినవారు పదునెనిమిది వందలకు కొంచెము మించినవారు మాత్రమే. అందరును తొంబది ప్రాంతముల నున్నవారగుటచే ఒక్కొక్కరి వెంట ఒక్కొక్క సహాయకుని ప్రభుత్వమే పంపవలసి వచ్చెను. ఏబది మూడు వేలకును పదునెనిమిది వందలకును నడుమ నున్న అంతరము ఇరువదియైదేండ్లు!

1913 నాటి యుత్సవమున మనము గ్రహింపదగిన వేరొక సంగతియు గలదు. ఆ యుద్ధమునకు మూలకారణము నీగ్రోల బానిసత్వము. ఉత్తర సైన్యమున సుమారు లక్షా యెనుబది వేలమంది నల్లజాతివారు పోరాడిరి. అయినను ఆ సమాగమమున వారు గుడారములలో పనిచేయు కూలీలుగా తప్ప అతిథులుగా దాదాపు కానరాలేదు. అధ్యక్షుడు విల్సన్ జూలై 4వ తేదీని వచ్చి, పాత కలహములు మరపునకు వచ్చినవని గంభీరోపన్యాస మిచ్చెను. ఆ విల్సన్ ప్రభుత్వమే ఆ యేడే కేంద్ర కార్యాలయములందు నల్లవారిని తెల్లవారినుండి వేరుపరచ మొదలిడెను. తెల్లవారి కిరుపక్షములకును చేతులు కలిసినవి. ఎవరి విముక్తి కొరకు అంత రక్తము ప్రవహించెనో వారు మాత్రము వెలుపల నిలువబడిరి. ఏ సమాగమమునకైనను వచ్చినవారి జాబితాకంటె పిలువబడనివారి జాబితాయే ముఖ్యమని మే మనుటకు ఇదియే హేతువు.

ఇక మన సంగతి. 1971 డిసెంబరు 3వ తేదీన ఆరంభమైన యుద్ధము 16వ తేదీన ఢాకాలోని రమ్నా మైదానమున జనరల్ నియాజీ జనరల్ అరోరా సమక్షమున సంతకము చేయుటతో ముగిసెను. సుమారు 93,000 మంది బందీలైరి. ఇంత స్వల్పకాలమున నింతటి ఫలితము లోకమున నరుదు. దానిపై గ్రంథములు వ్రాసినవా రెవరు? తూర్పు కమాండునందు ముఖ్య ఉద్యోగి యైన జనరల్ జేకబ్ వ్రాసెను. విశాఖపట్టణమునుండి తూర్పు నౌకాదళమును నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ వ్రాసెను. ఢాకా జయము తమదనగా తమదని సేనానుల నడుమ వాదము లేండ్ల తరబడి నడచినవి. అవి చదువదగినవే. కాని వరిపొలముల బురదలో మోకాలిలోతున నడచిన హవల్దారు, ఓడ యంత్రశాలలో ఊపిరాడక పనిచేసిన నావికుడు, ట్రక్కు నడిపినవాడు, వంటవాడు, గాయపడినవారిని మోసినవాడు — వీరిలో ఎవడును గ్రంథము వ్రాయలేదు, వ్రాయనులేడు.

ప్రభుత్వ పత్రములున్నవి గదా యని పాఠకులు సమాధానపడవచ్చును. రక్షణ మంత్రిత్వ శాఖవారు వ్రాయించిన యుద్ధ చరిత్రము ఏండ్లకొలది బీరువాలలో మ్రగ్గి, 2000 సంవత్సరమున నొక వార్తాపత్రిక మూలమున బయటపడినది. తూర్పు కమాండునకు చెందిన ముఖ్య పత్రములు పూర్వమే నాశనము గావింపబడినవని 2010లో వార్తలు వెలువడినవి. కాగితములే కాలిపోయిన పక్షమున, ఇక మిగిలినది ఆ వృద్ధుల జ్ఞాపకమే. అదియు దినదినము తరుగుచున్న నిధి. ఆ యుద్ధమున తూర్పు సముద్రమున నాయకత్వము వహించిన విక్రాంత్ నౌకయే 2014లో తుక్కు క్రింద అమ్ముడుపోయినది. నౌకను నిలుపుకొనలేని మనము అందు పనిచేసినవారి మాటనైనను నిలుపుకొనవలదా?

సమాగమమునకు తగిన స్థలము విశాఖపట్టణము. ఢిల్లీయు కలకత్తాయు తమ యుత్సవములను తాము చేసికొనుచునే యున్నవి. మన తీరముననే 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగినది. విక్రాంత్ ఇక్కడనే యున్నదని శత్రువును భ్రమింపజేసి, ఆ నౌకను అండమాను దీవులలో దాచియుంచిన యుక్తి మన నౌకాదళమువారిది. రాజపుత్ర నౌక జారవిడిచిన బాంబులచే ఘాజీ పగిలినదని మనవారును, అది తాను పరచిన మందుపాతరలకే బలియైనదని పాకిస్తానువారును చెప్పుదురు. ఈ వివాదమును సంపాదకీయమున తేల్చుట మా వలన గాదు. ఆ రాత్రి రేవున మేలుకొనియున్నవారు, మరునాడు సముద్రముపై తేలిన తెట్టెను శకలములను చూచిన బెస్తవారు ఎవరైన మిగిలియున్నచో, వారి నోట వినుట మాత్రము మన వలన నగును. 1996లో సముద్రపుటొడ్డున విజయస్మారకము నిర్మింపబడినది. సాయంకాలము షికారు వచ్చువారు దానిముందు నిలిచి ఫోటోలు తీసికొనుచున్నారు. ఆ రాతికి ప్రాణమున్న సాక్షులు తోడైనచో నేమి?

ఘాజీతో గూడ మునిగిన తొంబదిమందికి పైబడిన నావికులకు సైతము ఆ సమాగమమున నొక నిముసము మౌనము పాటింపవలయునని మేము కోరుచున్నాము. దీనికి ముఖము చిట్లించువారుందురని మే మెరుగుదుము. ఖుక్రీ నౌకతో మునిగిన మన పదునెనిమిదిమంది అధికారుల, నూట డెబ్బదియారుమంది నావికుల కుటుంబములకు సముద్రమున గతించుట యెట్టిదో తెలియును. వారు మాత్రము ముఖము చిట్లింపరని మా నమ్మకము.

పిలువవలసినవారిలో ప్రథమగణ్యులు వితంతువులు. తరువాత, పాకిస్తాను చెరలో చిక్కుకొనిపోయిరని మన ప్రభుత్వము చెప్పుచున్న 54 గురి బంధువులు. పాకిస్తాను ఈ మాటను ఒప్పుకొనదు. పార్లమెంటులో ప్రశ్నలు, ప్రత్యుత్తరములు ఏండ్లకొలది సాగినవి. ఆ యిండ్లలో ఎదురుచూపు మాత్రము సాగుచునే యున్నది. విజయోత్సవమున ఈ ప్రసక్తి అపశకునమని భావించువారు ఉత్సవమును మానుకొనుట మేలు. పడమటి రంగమున ఛంబ్ ప్రాంతము మన చేతినుండి జారి, సిమ్లా ఒడంబడిక తరువాత సైతము తిరిగి రాని సంగతిని అక్కడ పోరాడినవాడు చెప్పదలచినచో వేదికమీద నోరు నొక్కరాదు. గెలిచిన జాతికి తన నష్టములను వినుటకు సిగ్గేల?

తూర్పు బంగాళపు ముక్తియోధులను మరువరాదు. వారి నావిక దళమునకు శిక్షణ మొసగినది మన నౌకాదళమువారే. ప్రతి డిసెంబరున కలకత్తాకు వారును, ఢాకాకు మనవారును పోయివచ్చు ఆచారము, 2024లో ఢాకాయందు ప్రభుత్వము కూలి ఉభయ దేశముల నడుమ మనస్పర్థలు పెరిగినప్పుడు సైతము ఆగలేదు. రాజకీయవేత్తలు మాటలాడుకొనజాలని వేళ ముసలి సిపాయిలు మాటలాడుకొనిరి.

ఏర్పాటు లెట్లు? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములలో మాజీ సైనికుల పట్టికలున్నవి. కాని వానిలో చిరునామాలు మారినవారును, గతించినను పేరు కొట్టివేయబడనివారును ఉందురు. గ్రామ గ్రామమునను విచారణ జరుగవలయును. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము వంటి ఊళ్లలో ఈ పని యొక పూటలో ముగియును, ఏలయన అక్కడ సిపాయి లేని ఇల్లు వెదకినను దొరకదు. తక్కిన యూళ్లలోనే కష్టము. ఊరికొక్కడుగా నున్న మాజీ జవానును ఊరివారే మరచిరి. తెలంగాణపు జిల్లాలను విడిచి చేయు సమాగమము సగము సమాగమమే. రైల్వే ఛార్జీలలో వృద్ధులకుండిన రాయితీ 2020 మార్చిలో తొలగింపబడినది గనుక, రాకపోకల వ్యయమును, తోడు వచ్చువాని వ్యయమును నిర్వాహకులే భరింపవలయును. డిసెంబరు 4వ తేదీ నౌకాదళ దినము; ఆనాడు విశాఖలో బసలు దొరకవు. 14 మొదలు 16 వరకు మూడు దినములు మేలని మాకు తోచుచున్నది.

ఆ మూడు దినములలో ఉపన్యాసములకు ఒక్క గంట చాలును. మంత్రులు రాదలచినచో సంతోషమే. కాని వారు క్రింద కూర్చుండి వినవలయును. పూర్వపు హోదాలనుబట్టి ఆసనములు వేయరాదు. పింఛనుల ఫిర్యాదులు న్యాయమైనవే, వానికి వేరు సభ చేయుదము. మిగిలిన కాలమంతయు, ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయముల చరిత్ర విద్యార్థులు ఇరువురేసి ఒక్కొక్క వృద్ధుని చెంత కూర్చుండి, ఆయన చెప్పినదంతయు ఆయన తెలుగులోనే ధ్వనిముద్రణము చేసికొనవలయును. శ్రీకాకుళపు మాటను శ్రీకాకుళపు మాటగా, పాలమూరు మాటను పాలమూరు మాటగా నుంచవలయును. చెవుడు గలవారుందురు, సంవత్సరములు తారుమారు చేయువారుందురు, ఒకే కథను మూడుసార్లు చెప్పువారుందురు; ఓపిక గలవారినే పంపవలయును. మంచము పట్టి రాలేనివారి యిండ్లకు విద్యార్థులే పోవలయును. ఈ రెండవ పని మొదటిదానికంటె ముందు, రేపే మొదలు పెట్టవచ్చును.

ఆజాద్ హిందు ఫౌజులో పనిచేసినవారి నల్వురకు ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో తొలిసారి స్థానము లభించినది 2019లో. అప్పటికి వారు తొంబది దాటినవారు, జీపులలో కూర్చుండి చేతులెత్తి నమస్కరించిరి.

వ్యయమంతయు ప్రభుత్వముపై వేయుట మా యుద్దేశము గాదు. డెల్టా భూస్వాములు, పట్టణముల వర్తకులు పెండ్లిపందిళ్లకు చేయు ఖర్చులో నూరవవంతు చాలును. ధనము లేనివారు తమ గ్రామమునందలి 1971 నాటి సైనికుని పేరు, వయస్సు, ఆయన పనిచేసిన పటాలము లేక నౌక పేరు ఒక కాగితముపై వ్రాసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు అందజేయవచ్చును. ఆయన గతించియున్నచో భార్య పేరు వ్రాయుడు.