జనరేటర్ ముసురు రోజులకే, బ్యాటరీ నింపాల్సింది సూర్యుడే

చేను గట్టు మీద చిన్న పెట్రోల్ జనరేటర్ పెట్టి జట్కా మిషన్ బ్యాటరీకి ఛార్జింగ్ ఎట్ల పెడుతున్ననో పైన వీడియోలో చూసిన్రు. అది చూసినోళ్లు ముందుగా అడిగే మాట ఒక్కటే: "అన్నా, ఏ జనరేటర్ కొనాలె?" నా జవాబు మొదట్లనే చెప్తున్న. చాలా మందికి జనరేటర్ అక్కర లేదు. అక్కర ఉన్నోళ్లు కూడా దాన్ని పూటకు రెండు గంటలకు మించి నడపొద్దు. ఎందుకో వీడియోలో వివరంగా చెప్పే వీలు కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

మాది సిర్గాపూర్ మండలం. నల్లవాగు ప్రాజెక్టు కింద ఉన్న పొలాల సంగతి వేరు. మిగతా చేన్లు ఎక్కువగా వాన మీద బతికేవే. వానకాలం పత్తి, కంది, సోయా, పెసర, మినుము; యాసంగిలో జొన్న, శనగ. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది కదా, ఇంక ఈ జనరేటర్ల గోల ఎందుకని పట్నంలో ఉన్నోళ్లు అనుకుంటరు. ఆ కరెంటు బోరు ఉన్నోళ్లకు. బోరు లేని చేనుకు లైనే రాదు. వాడుకోవాలనుకున్నా అక్కడ తీగె ఉండదు. ఇంటికాడ ఛార్జింగ్ పెట్టి, బ్యాటరీ మోసుకొని చేనుకు పోవాలె.

ప్రకృతి వ్యవసాయం చేసేటోళ్లకు రెండు రకాల బ్యాటరీలతో పని పడుతది. ఒకటి కషాయాలు, జీవామృతం కొట్టే వీపు పంపుది. రెండోది అడవిపందుల కోసం పెట్టుకునే జట్కా మిషన్‌ది. రెంటి లెక్క వేరు వేరు.

ముందు పంపు సంగతి. మామూలు పంపులో 12 వోల్టుల 8 ఏహెచ్ బ్యాటరీ ఉంటది. అంటే నిండుగా ఉంటే అందులో ఉండే కరెంటు 96 వాట్-అవర్లు, ఒక యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. దాని ఛార్జర్ లాగేది 25, 30 వాట్లు. దీనికోసం ఒక కేవీఏ జనరేటర్‌ను ఆరు గంటలు నడిపిన్రనుకోండి. లోడు ఉన్నా లేకున్నా ఇంజన్ తిరగాలంటే పెట్రోల్ తాగాల్సిందే. గంటకు తక్కువలో తక్కువ పావు లీటరు వేసుకున్నా లీటరున్నర అవుతది. లీటరు నూరు రూపాయలు దాటిన రోజుల్లో, పదో వంతు యూనిట్ కరెంటుకు నూట యాభై రూపాయల పైన పెట్టినట్టు. ఇంట్లో ప్లగ్గుకు పెడితే రూపాయి కూడా పడదు. పది గింజల కోసం ఎడ్లబండి కట్టినట్టుంటది ఈ పని.

పంపు బ్యాటరీ తొందరగా దిగిపోతుందని బాధపడేటోళ్లు ఇంకొకటి చూసుకోవాలె. జీవామృతం సరిగా వడపోయకుంటే నాజిల్ మాటిమాటికి మూసుకపోతది. గంటలో అయ్యే పని గంటన్నర పడుతది, మోటారు అంతసేపూ నడుస్తది. పాత కాటన్ బట్టతో రెండుసార్లు వడపోయండి. నా చేతుల్లో ఇది చేసినంక ఒక్క ఛార్జింగ్‌కు వచ్చే ట్యాంకులు పెరిగినయి. జనరేటర్ కొనే ముందు గజం బట్ట వాడి చూడండి.

ఇగ జట్కా మిషన్ సంగతి వేరే. అది రాత్రి ఆగితే పంట పోతది. పోయిన వానకాలం నాలుగు రోజుల ముసురు పట్టింది. ప్యానెల్ మీద ఎండ పడలేదు, బ్యాటరీ మెల్లగా దిగుతూ పోయింది. ఐదో రాత్రి మిషన్ టిక్కు టిక్కు అనుడు బంద్ చేసింది. ఆ సంగతి తెల్లారి గానీ నాకు తెల్వలేదు. పందులకు మాత్రం రాత్రే తెలిసింది. మక్క చేను ఒక మూల మొత్తం పండబెట్టి పోయినయి. విత్తనం దాచుకున్న చేను అది. జనరేటర్ కొన్నది ఆ తర్వాతనే. కాబట్టి జనరేటరే దండుగ అని నేను అనను. అది ముసురు రోజుల కోసం అంటున్న.

ఎట్ల వాడాలో కూడా చెప్పాలె, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. లెడ్-యాసిడ్ బ్యాటరీ మొదట్ల గటగట తాగుతది, ఎనభై శాతం దాకా మంచిగ ఎక్కుతది. ఆ తర్వాత కడుపు నిండిన దూడ లెక్క కొంచెం కొంచెమే తీసుకుంటది. ఆఖరి ఇరవై శాతం ఎక్కడానికి గంటలు పడుతది. ఆ గంటలన్నీ జనరేటర్ నడిపితే పెట్రోల్ ఉత్తగనే కాలిపోతది. అట్లని సగమే నింపి రోజుల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద తెల్లటి సల్ఫేట్ గడ్డకట్టి బ్యాటరీ బలం పోతది. మరేం చేయాలె? పొద్దుగాల రెండు గంటలు జనరేటర్, మిగతాదంతా ప్యానెల్. మబ్బులో కూడా ప్యానెల్ ఎంతో కొంత ఇస్తది, ఆ సన్నటి ధార ఆఖరి భాగానికి సరిగ్గా సరిపోతది. విదేశాల్లో క్యాంపర్ బండ్లల్ల తిరిగేటోళ్లు కూడా గిదే పద్ధతి పాటిస్తరు. పొద్దున కాసేపు జనరేటర్, ఆ తర్వాత బండి పైకప్పు మీది ప్యానెల్.

నా లెక్క చెప్తా. నా బ్యాటరీ 40 ఏహెచ్. మిషన్ ఒక రాత్రికి నాలుగైదు ఏహెచ్ తింటది. 5 ఆంపియర్ల ఛార్జర్‌తో రెండు గంటలు పెడితే పది ఏహెచ్ ఎక్కుతది, అంటే రెండు రాత్రుల కావలి. మల్టీమీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఛార్జింగ్ తీసి కాసేపు ఆగి చూస్తే 12.6 పైన ఉంటే నిండినట్టు, 12.2 అంటే సగం. సగం కన్నా కిందికి పోనీయొద్దు.

జనరేటర్‌కు 12 వోల్టుల సాకెట్ ఉంటది, నేరుగా దానికే తగిలిస్తరు కొందరు. చాలా మిషన్లల్ల అది బ్యాటరీ నిండినంక తనంతట తాను ఆగదు. సీలు బ్యాటరీ అయితే ఉబ్బుతది. మామూలు సాకెట్‌కు మంచి ఛార్జర్ పెట్టి దాని నుంచే ఛార్జ్ చేయండి. లిథియం బ్యాటరీ పంపులకు దానితో వచ్చిన ఛార్జర్ తప్ప ఇంకోటి వాడొద్దు.

ఇంకో మాట. ఒక్క బ్యాటరీ కోసం జనరేటర్ స్టార్ట్ చేయకండి. ఐదు ఛార్జర్లు పెట్టినా పెట్రోల్ పెద్దగా పెరగదు, ఇంజన్ ఎట్లాగూ తిరుగుతనే ఉంటది. గట్టుకు గట్టు ఆనుకొని ఉన్న నలుగురైదుగురు కలిసి ఒక్కటి కొనుక్కోండి. ముసురు రోజుల్లో పొద్దున ఒకరి చేను కాడ అందరి బ్యాటరీలు పెట్టుకోండి. మన తాతలు గొర్రును, గుంటకను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోలేదా?

జాగ్రత్తలు చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. వాన పడుతుందని జనరేటర్‌ను కొట్టంల, మోటారు రూముల పెట్టి తలుపేయొద్దు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతడు. బయట పెట్టి, పైన రేకు అడ్డం కట్టండి. ఇంజన్ చల్లారినంకనే పెట్రోల్ పోయండి. ఛార్జింగ్ అయ్యే బ్యాటరీ దగ్గర బీడీ ముట్టియ్యొద్దు, అందులోంచి హైడ్రోజన్ వస్తది.

అన్నిటికన్నా పెద్ద మాట: జట్కా మిషన్ పని చేయని రాత్రి కోపంతోనో భయంతోనో కంచెకు నేరుగా కరెంటు ఇయ్యొద్దు. లైను నుంచైనా, జనరేటర్ నుంచైనా అంతే. జట్కా మిషన్ సెకనుకోసారి రెప్పపాటు షాకు కొట్టి వదిలేస్తది, జంతువు భయపడి పోతది. నేరుగా ఇచ్చిన కరెంటు పట్టుకున్నోన్ని వదలదు. పొద్దుగాల నీళ్ల చెంబు పట్టుకొని పోయే పక్క చేను పెద్దమనిషి అయినా, గొర్ల వెంట వచ్చిన పిల్లగాడు అయినా దానికి తేడా తెల్వదు. అది నేరం. చేను మళ్ల పండుతది, మనిషి తిరిగి రాడు.

బయటి నుంచి కొనుడు తగ్గించాలనేదే కదా ప్రకృతి వ్యవసాయం, పెట్రోల్ కొంటే ఎట్ల అని కొందరు తప్పు పడుతరు. సుభాష్ పాలేకర్ గారు నేర్పిన పద్ధతిలో పెట్టుబడి మన ఇంట్లో నుంచి, మన ఆవు నుంచి రావాలె, నిజమే. అందుకే మొదట ప్యానెల్ కొనమంటున్న. ఎండకు బిల్లు రాదు. కానీ ఏడాదిలో ఐదారు రోజులు నాలుగు లీటర్ల పెట్రోల్ కాల్చి విత్తనం కాపాడుకుంటే దాన్ని తప్పు అని నేననను. రోజూ కాల్చేటోళ్లు మాత్రం ఒకసారి కూసొని లెక్క రాసుకోండి.

ముందు బట్టతో వడపోత, తర్వాత ఇంటికాడ ప్లగ్గు, ఆ తర్వాత ప్యానెల్. ఈ మూడూ అయినంక కూడా మీ చేనుకు అక్కర ఉందనిపిస్తే, పక్క చేనోన్ని కలుపుకొని అప్పుడు జనరేటర్ కొనండి.