‘వైజాగ్ దగ్గర’ అని ఇంకెన్నాళ్ళు చెప్తావ్?

కొత్త ఆఫీసులో మొదటి రోజు. పక్క సీటతను అడుగుతాడు, "మీది ఏ ఊరు బ్రో?" నీ నోట్లోంచి వచ్చే మాట నాకు ముందే తెలుసు. "వైజాగ్ దగ్గర."

ఏం దగ్గర? పాడేరు నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఘాట్ రోడ్డు. నీ ఊరి నుంచి పాడేరు రావడానికే ఒక పూట పడుతుంది. అయినా హైదరాబాద్‌లో రైలు దిగగానే మనమంతా వైజాగ్ వాళ్ళమైపోతాం. నేనూ అయ్యాను. అమీర్‌పేట హాస్టల్లో రెండేళ్ళు ఉన్నాను, నా రూమ్మేట్లకి నా భాష ఏంటో, నా తెగ ఏంటో తెలియకుండానే ఖాళీ చేసి వచ్చాను. అందుకే ఇది నిన్ను తిడుతున్నట్టు ఉంటే, ముందు నన్ను నేను తిట్టుకుంటున్నానని అర్థం చేసుకో.

నువ్వు ఊరు విడిచి వెళ్ళడం తప్పని మాత్రం నేను అనను. మన సంఘాల మీటింగుల్లో కొంతమంది పెద్దలు అంటుంటారు, "చదువుకున్నోళ్ళంతా పట్నం పారిపోయారు" అని. వాళ్ళని అడుగుతున్నా, ఉండి ఏం చెయ్యాలి? 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్నారు. ఎందుకిచ్చారు? మైదానం నుంచి వచ్చిన పంతుళ్ళు కొండెక్కి బడికి రాలేదు కాబట్టి. పిల్లల భాష వాళ్ళకి రాదు కాబట్టి. ఆ జీవోని నమ్ముకుని మనవాళ్ళు ఎంతోమంది డీఎడ్, బీఎడ్ చదివారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. రిజర్వేషన్ యాభై శాతం దాటకూడదంది. లాక్‌డౌన్ రోజులవి. గట్టిగా అరుద్దామన్నా మన చేతిలో రోడ్డు కూడా లేదు. నాతో బీఎడ్ చేసినవాళ్ళలో ఒకడు మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో ఉన్నాడు, ఇంకో అమ్మాయి కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ చేస్తోంది. వీళ్ళు పారిపోయారా, తరిమేశారా?

ఇంకోటి. కొమరం భీం కూడా ఊరు విడిచినవాడే. చాందా వైపు వెళ్ళాడని, అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడని, అక్కడక్కడే చదువూ రాతా నేర్చుకున్నాడని మనవాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత తిరిగొచ్చాడు. 1940లో జోడెఘాట్‌లో చనిపోయేదాకా ఏం చేశాడో నీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి వెళ్ళడం మీద నాకు గొడవ లేదు. వెళ్ళి ఏమైపోతున్నాం అన్నదాని మీదే గొడవ.

గది కోసం తిరిగావు కదా? టులెట్ బోర్డు చూసి బెల్లు కొడితే ఇంటావిడ ముందు అద్దె చెప్పదు. "మీరేవిటోళ్ళు బాబూ?" అంటుంది. ఎస్టీ అంటే గది నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. ఆఫీసులో ఇంకో రకం. "ఏజెన్సీయా? అక్కడ నక్సలైట్లు ఉంటారంట కదా?" "కోటాలో వచ్చావా?" (ప్రైవేటు కంపెనీలో కోటా ఎక్కడుందిరా నాయనా.) ఇవన్నీ నాలుగుసార్లు పడ్డాక ఎవరైనా వైజాగ్ అనే చెప్తారు. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ ఆ అబద్ధం గదితో ఆగదు. నా విషయంలో ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్తా.

మా టీమ్ వాళ్ళు లంబసింగి వెళ్ళొచ్చారు. మంచు, వంజంగి మేఘాలు, ఫొటోలు. వారం తిరక్కుండానే వాళ్ళలో ఒకతనికి నా సర్టిఫికెట్ సంగతి తెలిసింది. ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు. టీకి పిలిచాడు. "నువ్వు లోకల్ ఎస్టీవంట కదా, చెప్పవేంటి? అక్కడ ఒక ఎకరం చూడు. డబ్బు నాది, పేరు నీది. టెంట్లు వేద్దాం, రిసార్ట్ పెడదాం, నీకు నెలనెలా ఇంత."

వారం రోజులు ఆలోచించాను. ఆలోచించానని రాయడానికి సిగ్గుగానే ఉంది. అప్పుడు రెండు నెలల అద్దె బాకీ. చివరికి ఊరికి ఫోన్ చేసి చూచాయగా చెప్తే మా అయ్య ఒకటే అడిగాడు, "ఆ భూమి ఎవరిదిరా?" కనుక్కుంటే మా పిన్ని వాళ్ళ కాఫీ తోట పక్కది. అప్పుల్లో ఉండి అమ్ముకుంటున్నారు.

ఇప్పుడు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించారు, అదే మనం 1/70 అంటున్నది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనలేడు, గిరిజనేతరుడి నుంచి కూడా కొనలేడు. అతని చేతిలో భూమి ఉంటే అది ముందు గిరిజనుడిదేనని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. 1997లో సమత తీర్పు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదంది. అనంతగిరి మండలం ఊళ్ళ నుంచి నడిచిన కేసు అది. ఇంత గట్టి గోడకి ఒకే ఒక్క కన్నం ఉంది. గిరిజనుడు గిరిజనుడికి అమ్మొచ్చు. ఆ కన్నంలో దూరడానికి వాళ్ళకి కావలసింది నీ పేరు, నీ ఆధార్, నీ సంతకం. నువ్వు పట్నంలో ఒంటరిగా ఉండాలి, డబ్బు అవసరంలో ఉండాలి, ఊరితో తెగిపోయి ఉండాలి. పని ఇంకా సులువు.

బినామీ చట్టం కింద డబ్బు పెట్టినవాడికీ పేరు ఇచ్చినవాడికీ ఏడాది నుంచి ఏడేళ్ళ జైలు ఉందని కూడా తెలుసుకో. కేసు పడితే అతనికి లాయరు ఉంటాడు. నీకు ఎవరున్నారు?

ఇక ఓటు సంగతి. హైదరాబాద్‌లో చిరునామా దొరగ్గానే మనం చేసే మొదటి పనుల్లో ఒకటి ఓటు మార్చుకోవడం. సిమ్ మార్చినంత తేలిగ్గా మార్చేస్తాం. 1996 పెసా చట్టం ఒకసారి చదువు. గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ళు. పేరు తీయించుకున్న రోజు నుంచి నువ్వు నీ ఊరి గ్రామసభలో లేవు. రేపు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కోసమని సర్వే వాళ్ళు వస్తే, భూసేకరణకి ముందు సంప్రదించాల్సిన సభలో నీకు నోరు లేదు. 2015లో బాక్సైట్ కోసం జీవో 97 తెచ్చినప్పుడు ఊళ్ళు ఎదురుతిరగబట్టే తర్వాత ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. హైదరాబాద్‌లో వేసే ఓటుకి అక్కడ ఆ బలం ఉండదు.

"మరి నేను అక్కడ ఉండట్లేదు కదా, ఓటు ఉంచుకుంటే తప్పు కాదా?" అని నువ్వు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పట్నంలో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని అక్కడే పెంచుతూ, ఇక తిరిగి రానని తేల్చుకుంటే మార్చుకో, దొంగ ఓటు ఉంచమని నేను చెప్పను. కానీ తాత్కాలికంగా బయట ఉన్నంత మాత్రాన సొంతూరి నివాసం పోదని ఎన్నికల చట్టమే అంటోంది. పదకొండు నెలల అగ్రిమెంటు మీద, కాంట్రాక్ట్ ఉద్యోగం మీద బతికే నువ్వు శాశ్వతంగా పట్నం వాడివని ఎవరు తేల్చారు?

అయితే పేరు ఉంచుకుని ఊరికి రాకపోతే అది ఇంకా నష్టం. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం గ్రామసభ కోరానికి కనీసం సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. కుర్రాళ్ళు సగం మంది పట్నంలో ఉంటే కోరం ఎక్కడ నిండుతుంది? అప్పుడు రిజిస్టర్ ఇంటింటికీ తిరుగుతుంది. మీ అమ్మ వేలిముద్ర వేస్తుంది. పైన ఏం రాశారో ఆమెకి ఎవరూ చదివి చెప్పరు. చదవగలిగినవాడివి నువ్వు. కంపెనీలో రోజంతా నువ్వు చేసేది కాగితాలూ మెయిళ్ళూ చదవడమే కదా? అందులో ఒక్క పూట మీ ఊరి తీర్మానానికి ఇవ్వలేవా?

మామూలుగా అక్టోబర్ 2న, జనవరి 26న గ్రామసభలు పెడతారు. రెండూ ఆఫీసులకి సెలవులే, మేనేజర్‌ని బతిమాలే పని లేదు. ఊళ్ళో సభ జరగలేదంటే, ఎందుకు పెట్టలేదని సెక్రటరీని అడుగు. జరిగితే తీర్మానం మొత్తం గట్టిగా చదివించు, మన భాషలో చెప్పించు, తర్వాతే అమ్మ వేలు ఇంకు మీద పెట్టాలి. ఖాళీ పేజీ మీద ఎవరి సంతకమూ పడకూడదు. రిజిస్టర్ పేజీ ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టు, రాలేనివాళ్ళు చూస్తారు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి అరవై రోజుల ముందే టికెట్లు తెరుస్తారు. అక్టోబర్‌లో దసరా రద్దీ కలిస్తే స్లీపర్ దొరకదు. ఇవాళే తేదీ లెక్క వేసుకో.