ఆడనివ్వందే ర్యాంకు ఎక్కడి నుంచి వస్తుంది?

క్రికెట్ అంటే మగవాళ్ల ఆట, వాళ్లు పేరు తెచ్చుకున్నాకే ఆడవాళ్ల జట్టు సంగతి అని మనకో లెక్క స్థిరపడిపోయింది. ఈ లెక్కను తిరగేసిన దేశం ఒకటుంది. అది థాయ్‌లాండ్. అక్కడ ప్రపంచ కప్ మెట్టెక్కింది అమ్మాయిలే. మగవాళ్ల జట్టు ఇంతవరకూ ఎక్కలేదు.

2007లో అంతర్జాతీయ పోటీల్లోకి వచ్చారు వీళ్లు. చాలామంది అంతకుముందు సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్లు. మన వీధుల్లోలా పొద్దస్తమానం బ్యాటు పట్టుకు తిరిగే అన్నయ్యలు వాళ్లకు లేరు. అయినా 2018 ఆసియా కప్‌లో శ్రీలంకను ఓడించారు. ఆ ఏడాది జూలై నుంచి 2019 ఆగస్టు దాకా టీ20ల్లో వరసగా 17 మ్యాచ్‌లు గెలిచి, ఆస్ట్రేలియా అమ్మాయిల 16 విజయాల రికార్డును దాటేశారు. ఎదుటి జట్లు చిన్నవే అనుకోండి, పదిహేడుసార్లు తడబడకుండా గెలవడం మాత్రం చిన్న సంగతా?

2020లో ఆస్ట్రేలియాలో జరిగిన టీ20 ప్రపంచ కప్‌కు వెళ్లారు. ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. పాకిస్థాన్ మీద 150 పరుగులు చేసి ఆశపడ్డ రోజున వాన అడ్డొచ్చింది. అయినా ఆట ముగిశాక అందరూ వరసగా నిలబడి, చేతులు జోడించి ప్రేక్షకులకు వంగి నమస్కారం చేసేవారు. కెప్టెన్ సొర్నరిన్ టిప్పోచ్ ముఖాన ఆ నవ్వు చూస్తే ఓడింది వీళ్లేనా అనిపించేది నాకు.

అసలు అన్యాయం ఆ తర్వాత జరిగింది. 2021 నవంబరులో వన్డే ప్రపంచ కప్ అర్హత పోటీలు హరారేలో పెట్టారు. అక్కడ థాయ్‌లాండ్ బంగ్లాదేశ్‌ను ఓడించింది. ఇంతలో కరోనా కొత్త రకం ఒమిక్రాన్ వచ్చి పోటీలు మధ్యలోనే రద్దయ్యాయి. సరే, ఎవరేం చేస్తారు? కానీ బెర్తులు ఎవరికివ్వాలన్న దగ్గర ఐసీసీ వన్డే ర్యాంకులు చూసింది. థాయ్‌లాండ్‌కు అప్పటికి వన్డే హోదాయే లేదు. హోదా లేకపోతే ర్యాంకెలా ఉంటుంది? ఓడిన బంగ్లాదేశ్ ప్రపంచ కప్‌కు వెళ్లింది, గెలిచిన థాయ్‌లాండ్ ఇంటికొచ్చింది. ప్రపంచ కప్ అయిపోయాక, 2022 మేలో హోదా ఇచ్చారు!

ఈ మాట మనకు కొత్తా? పిల్లల్ని పెంచి, డిగ్రీ పట్టా దుమ్ము దులిపి ఉద్యోగానికి వెళితే "అనుభవం ఉందా?" అంటారు. అవకాశం ఇవ్వకుండా అనుభవం అడగడం, ఆడనివ్వకుండా ర్యాంకు అడగడం రెండూ ఒకటే.

హోదా వచ్చాక ఏం చేశారో చూడండి. ఆ అక్టోబరులో ఆసియా కప్‌లో పాకిస్థాన్‌ను ఓడించి సెమీఫైనల్ చేరారు. నవంబరులో చియాంగ్‌మాయ్‌లో నెదర్లాండ్స్‌తో తమ మొట్టమొదటి వన్డే ఆడితే, నట్టకన్ చంతమ్ సెంచరీ కొట్టింది. నాలుగు వన్డేలకు నాలుగూ గెలిచారు.

"అదే ఆసియా కప్‌లో మనవాళ్ల చేతిలో 37కే ఆలౌటయ్యారుగా" అని మావారు అన్నారు. నిజమే. సెమీఫైనల్లోనూ మనమే 74 పరుగులతో గెలిచాం. అయితే పెద్ద జట్లతో ఎప్పుడో ఏడాదికోసారి ఆడితే పెద్ద ఆట ఎలా అబ్బుతుంది? చెరువులోకి దిగనివ్వకుండా ఈత రాలేదంటే ఎలా?

2020లో షార్జాలో మన బోర్డు నడిపిన పోటీల్లో స్మృతి మంధాన జట్టు తరఫున నట్టకన్‌ను ఆడించారు. కప్పు ఆ జట్టే గెలిచింది. 2025లో మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిస్తే మనమంతా పొంగిపోయాం. ఒకప్పుడు వాళ్లనూ ఎవరూ పట్టించుకోని రోజులున్నాయి. ఆ కష్టం తెలిసినవాళ్లం కాబట్టే మన బోర్డు ఏటా థాయ్‌లాండ్‌లాంటి జట్టుతో ఒక్క సిరీస్ అయినా ఆడించాలంటాను. ఖర్చంటారా, మన బోర్డుకు అదో లెక్కా? పైమెట్టు మీద ఉన్నవాళ్లు చెయ్యందిస్తేనే కదా కిందివాళ్లు ఎక్కేది!