ఖాళీ బండిలో కూర్చుని మాట్లాడండి

పికప్ బండ్ల మీద పత్రికల్లో వచ్చే పోలికలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై లక్షల చుట్టూ తిరిగే టయోటా హైలక్స్‌నూ, ఇసుజు వి-క్రాస్‌నూ పక్కపక్కన పెట్టి, స్టీరింగ్ చేతికి ఎంత హాయిగా అందింది, గతుకు మీద వెనక సీటు ఎంత ఊగింది, వేగం పెరిగాక బండి రోడ్డును ఎలా పట్టుకుంది అని పేరాలకు పేరాలు రాస్తారు. పేజీ తిప్పితే బొలెరో పికప్పో, టాటా ఇంట్రానో కనిపిస్తుంది. దాని గురించి మూడే ముక్కలు. ఎన్ని కిలోలు మోస్తుంది, లీటరుకు ఎంత ఇస్తుంది, నెల కిస్తీ ఎంత. హైలక్స్ కొన్నవాడు ఆదివారం అనంతగిరి కొండలకు వెళ్లి వస్తాడు. బొలెరో నడిపేవాడు రోజుకు పన్నెండు గంటలు అందులోనే ఉంటాడు. మెత్తదనం గురించి మొదట ఎవరిని అడగాలి?

సికింద్రాబాద్‌లో బతికేవాళ్ల తిండీ బట్టా ఈ బండ్ల మీదే వస్తాయి. తెల్లవారకముందే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ గేటు ముందు ఇవి బారులు తీరి ఉంటాయి. పొద్దెక్కేసరికి మోండా మార్కెట్‌లో, రాణీగంజ్ ఇనుప దుకాణాల ముందు, జనరల్ బజార్ సందు మొగల్లో ఇవే. మన దగ్గర కాస్త పెద్ద బండిని ఏ కంపెనీదైనా సరే ‘డీసీఎం’ అనే అంటాం. డీసీఎం టయోటా అనే కంపెనీ 1980ల్లో వచ్చి, 1990ల్లో దేవూ చేతికి పోయింది. కంపెనీ పేరు మాత్రం మన నాలుక మీద నిలిచిపోయింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. ఆ ఫ్యాక్టరీయే తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. బండి చేయడం ఈ నేలకు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. తిరుమలగిరిలో సైన్యానికి వాహన ఇంజనీర్లను తయారుచేసే మిలటరీ కాలేజ్ ఆఫ్ ఈఎంఈ ఉంది. దానికి కూతవేటు దూరంలో రోజూ వందల పికప్పులు ఎగిరెగిరి పడుతూ పోతుంటాయి. చదువు లేక కాదు, పట్టించుకునేవాడు లేకనే ఆ ఎగురుడు.

పోయిన ఎండాకాలం వంటిమామిడి నుంచి టమాటా ట్రేల లోడుతో ఒక పికప్‌లో వచ్చాను. తుర్కపల్లి, శామీర్‌పేట, హకీంపేట, లోతుకుంట మీదుగా రాజీవ్ రహదారి వెంట బోయిన్‌పల్లి దాకా. బండి మెత్తగా, బరువుగా, ఒద్దికగా వచ్చింది. ఫరవాలేదే అనుకున్నాను. సరుకు దిగాక అదే బండిలో, అదే డ్రైవరు పక్కన, అదే దారిలో శామీర్‌పేట దాకా వెనక్కి వెళ్లాను. వరసగా ఐదారు తెల్లగీతల గట్లు వచ్చినచోట పళ్లు టకటకా కొట్టుకున్నాయి. చిన్న గుంత తగిలితే వెనక భాగం గాల్లోకి లేచి పక్కకు జరిగి పడింది. నేను పైన ఉన్న కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. పట్టుకోవడానికి ఆయనకు స్టీరింగ్ ఒక్కటే దిక్కు. “లోడు మీదున్నప్పుడు మంచిగనే ఉంటది సార్. ఖాళీగ పోయేటప్పుడే పానం తీస్తది” అన్నాడు. నాలుగేళ్లుగా నడుముకు బెల్టు కట్టుకునే బండెక్కుతున్నాడు. ఆయన వయసు ముప్పై నాలుగు.

ఆయన ఒక్క మాటలో చెప్పినదాని వెనక కథ ఉంది. పికప్ వెనక కమాన్ కట్టలను ఒకటిన్నర టన్ను మోయడానికి బిగువుగా కడతారు. సరుకు దిగాక ఆ కట్ట మీద మిగిలే బరువు నాలుగో వంతుకు పడిపోయిందనుకుందాం. అప్పుడు బండి ఊగే వేగం రెట్టింపు అవుతుంది. ఇది ఏ ఇంజనీరూ కాదనలేని లెక్క. మంచి కారు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు మెల్లగా ఊగుతుంది. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు కిందికీ మీదికీ వచ్చే కుదుపు మనిషి మొండేన్ని అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుందని ఐఎస్ఓ 2631 ప్రమాణమే చెబుతుంది. బిగుసుకున్న ఖాళీ బండి మన వెన్నెముకను ఆ హద్దు వైపే నెడుతుంది. పైగా కట్టలోని పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ ఉంటాయి. చిన్న గతుకు ఆ రాపిడిని గెలవలేదు, కాబట్టి కట్ట అసలు కదలనే కదలదు. ఇక స్ప్రింగు పని చేసేది టైరు ఒక్కటే. దాంట్లోనూ లోడుకు సరిపడా గాలి కొట్టి ఉంటుంది, ఖాళీ అయ్యాక ఎవరూ తగ్గించరు. ముక్కు లేని టాటా ఏస్ లాంటి బండిలోనైతే డ్రైవరు దాదాపు ముందు చక్రం మీదే కూర్చుంటాడు. గుంతకూ ఆయనకూ మధ్య ఉన్నది ఓ పలచటి సీటు.

స్టీరింగ్ సంగతి ఇంకా అన్యాయం. ముందు కూడా నిండు ఇరుసు, కమాన్ కట్టలు ఉన్న బండిలో ఎడమ చక్రం గుంతలో పడితే ఇరుసు మొత్తం వాలుతుంది. ఆ గుంజుడు రాడ్ల మీదుగా తిన్నగా అరచేతికి వస్తుంది. డ్రైవరు దాన్ని తిప్పుతున్నాడని మనం అనుకుంటాం. నిజానికి అది తిరగకుండా ఆపడానికే ఆయన సగం శక్తి పోతుంది. స్టీరింగ్ బాక్సులో ప్లే వచ్చి, కింగ్ పిన్నులు అరిగాక తిన్నటి రోడ్డు మీద కూడా చేతులు ఊరుకోవు. కార్ల మీద రాసేవాళ్లు ‘రోడ్డు స్పర్శ’ అని మురిసిపోతారు. ఈ మనిషికి ఆ స్పర్శ భుజం కీలులో తెలుస్తుంది.

చట్టం చూడండి. తిరుగుతున్న బండి స్టీరింగ్‌కు ఎంత బలం పెట్టాల్సి రావచ్చో ఐక్యరాజ్యసమితి 79వ నిబంధన హద్దు గీసింది. కారుకు 150 న్యూటన్లు. మూడున్నర టన్నుల లోపు సరుకు బండికి 200. కారు నడిపే చేతికి పదిహేను కిలోల బరువు చాలు, సరుకు బండి నడిపే చేయి ఇరవై మోయాలి! ఇద్దరి కండలూ ఒకటే కదా? ఎముకలు ఒకటే కదా?

మన దేశంలో ఇంకో గీత గీశారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అన్నారు. మంచి పనే, చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ నియమం ఎన్2, ఎన్3 తరగతులకే, అంటే మూడున్నర టన్నులు దాటిన వాటికే. సికింద్రాబాద్ సందుల్లో తిరిగే పికప్పులు దాదాపు అన్నీ ఎన్1. మే నెల మధ్యాహ్నం ప్యాట్నీ సెంటర్‌లో సిగ్నల్ దగ్గర ఆగిన చిన్న బండి క్యాబిన్ పెద్ద లారీ కంటే చల్లగా ఉంటుందని ఎవరు కనిపెట్టారు? పెద్ద బండి హైవే మీద గాలి తగులుతూ పోతుంది. చిన్నది రోజంతా ట్రాఫిక్‌లో ఇంజను వేడి పక్కనే ఉడుకుతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 7,500 కిలోల లోపు సరుకు బండ్లను మామూలు లైట్ మోటారు లైసెన్సుతోనే నడపవచ్చని తేల్చింది. సంతోషం, ఎందరి బతుకులో నిలబడ్డాయి. అంటే లైసెన్సు దగ్గర ఇది కారుతో సమానం. బరువు దగ్గర లారీ. డ్రైవరు ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇటు కారూ కాదు, అటు లారీ కూడా కాదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంది. ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే అది వర్తించింది. ఒక్క బండి పెట్టుకుని తానే నడుపుకునేవాడు అప్పుడూ లెక్కలోకి రాలేదు. అదే యూరోపియన్ యూనియన్ 2002లోనే పనిలో ఒంటికి తగిలే కుదుపుకు కొలత పెట్టింది. ఎనిమిది గంటల సగటున చదరపు సెకనుకు 0.5 మీటర్లు దాటితే యజమాని దాన్ని తగ్గించే ఏర్పాటు చేయాలి, 1.15 ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. కుదుపును కొలవవచ్చునని, కొలిచాక ఒకరు బాధ్యత వహించాలని వాళ్లు ఒప్పుకున్నారు. మన దగ్గర అది డ్రైవరు తలరాత అయిపోయింది.

‘మెత్తగా చేస్తే బరువు మోయదు’ అని నాతో వాదించినవాళ్లు చాలామంది. అమెరికాలో మనవాళ్లు కొందరు ట్రైలర్లు లాగడానికి కొనే రామ్ 2500 చూడమనండి. 2014 మోడల్ నుంచి దాని వెనక కమాన్ కట్టలు తీసేసి చుట్ట స్ప్రింగులు పెట్టారు. అదే తరగతిలోని ఫోర్డ్ ఎఫ్-250 కట్టలతోనే ఉంది. అక్కడ కొనేవాడు రెండూ నడిపి చూసి తేల్చుకుంటాడు. అంత దూరం ఎందుకు, 2016లో వచ్చిన మారుతి సూపర్ క్యారీకి ముందు కారులాంటి స్ట్రట్ సస్పెన్షనే ఉంది. 2019లో వచ్చిన టాటా ఇంట్రాకు విద్యుత్ పవర్ స్టీరింగ్ ఇచ్చారు. 2005లో వచ్చిన ఏస్‌కే ముందు పారాబోలిక్ పట్టీలు వాడారు. పట్టీలు తక్కువ, రాపిడి తక్కువ, కుదుపు తక్కువ. హైలక్స్ వెనక కూడా ఉన్నవి కమాన్ కట్టలే! ముందు రెండు చక్రాలను విడివిడిగా కదలనిచ్చి, షాకబ్జార్బర్లను శ్రద్ధగా సరిచూసి, సీటును మనిషికి తగ్గట్టు చేశారు కాబట్టే అది మెత్తనిదైంది. విద్య అంతా మన కళ్లముందే ఉంది. ఇసుజు పికప్పులు 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్నాయి.

‘ధర పెరుగుతుంది’ అనేవాళ్లకు ఒక్కటే అడుగుతాను. ఆ నడుం బెల్టు ధర ఎవరు కడుతున్నారు? ఆ ఎక్స్‌రేలు, ఆ మాత్రలు, నలభై దాటకముందే బండి అమ్ముకుని వాచ్‌మన్ పనికి పోయే బతుకు ధర ఏ కిస్తీలో రాశారు?

ఓ షోరూముకు వెళ్లి, ఖాళీ బండి ఓసారి, అర టన్ను వేసి ఓసారి గతుకుల రోడ్డు మీద నడిపి చూడాలన్నాను. నున్నటి సర్వీసు రోడ్డు మీద రెండు నిమిషాలు తిప్పి, లోన్ ఎంత వస్తుందో కాగితం మీద రాసిచ్చారు. కొనే యజమాని కూర్చునేది ఆ రెండు నిమిషాలే. జీతానికి నడిపేవాణ్ని ఆ గదిలోకి పిలిచి, ‘నీకు ఏది బాగుంది తమ్ముడూ’ అని అడిగిన యజమానిని నేను ఇంతవరకు చూడలేదు.

యజమానుల మీద కూడా నాకు కోపం ఉంది. బండి ఇంటికి రాగానే కమాన్ షెడ్డుకు తీసుకెళ్లి అదనంగా రెండు పట్టీలు వేయిస్తారు. ఒకటిన్నర టన్ను బండి మీద రెండున్నర ఎక్కించాలని. ఆ పట్టీలతో ఖాళీ బండి కట్టె బండి అవుతుంది. వెనక అంత బరువు పడితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ చేతిలో ఉన్నా బండి మాట వినదు. డ్రైవర్లు దాన్ని ‘ముందు లేస్తంది’ అంటారు. వాన పడిన ఫ్లైఓవర్ దిగేటప్పుడు ముందు లేచిన బండి పక్కన స్కూటీ మీద పిల్లతో పోయే తల్లి ఉంటుంది. డ్రైవరు నడుముకు మాత్రమే సంబంధించిన గొడవ అనుకున్నవాళ్లు ఆ స్కూటీని కూడా లెక్కలోకి తీసుకోండి.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలేం కాదు. మైలేజీ రాసినట్టే ప్రతి పికప్ కాగితం మీద ఖాళీగా ఎంత కుదుపు, సగం లోడులో ఎంత కుదుపు అని ఐఎస్ఓ పద్ధతిలో కొలిచి అంకె వేయాలి. పవర్ స్టీరింగ్ ఖరీదైన రకానికే కాదు, అన్నిటికీ రావాలి. ఏసీ నియమంలోకి ఎన్1నూ చేర్చాలి. ముందుకు వెనక్కు జరిగి, నడుముకు ఆనే సీటు ఉండాలి. ఆ అంకె పడిన రోజు కంపెనీలు వాటంతట అవే పోటీ పడతాయి, కిలోమీటర్ల విషయంలో ఇప్పుడు పడుతున్నట్టే.

పోలికలు రాసే మిత్రులారా, ఆ బండ్లు చేసే ఇంజనీర్లారా, ఒక్క ఉదయం సికింద్రాబాద్ రండి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో సరుకు దిగేదాకా ఆగండి. మీటర్లు, కెమెరాలు ఏవీ అక్కర్లేదు. ట్రేలన్నీ దించేసి తాడు చుట్టుకుంటున్న ఏ డ్రైవరునైనా అడగండి, కాదనడు. శామీర్‌పేట దాకా ఆయన పక్కన కూర్చుని వెళ్లండి. పైన ఉన్న కడ్డీ మాత్రం పట్టుకోవద్దు, ఆయనకు ఆ వీలు లేదు.