మనసు డాక్టరుకు మునిసిపాలిటీలో ఏం పని?



కార్పొరేషన్ ఎన్నికలు వస్తే మన వాడల్లో నిలబడేది ఎవరు? బిల్డరు, కాంట్రాక్టరు, వడ్డీ వ్యాపారి, లేకుంటే వాళ్ల తమ్ముడో బావమరిదో. వీళ్లు నిలబడితే ఎవరూ నవ్వరు. మనోవ్యాధులకు వైద్యం చేసే డాక్టరో, కౌన్సెలింగ్ చేసే మనిషో నామినేషన్ వేస్తే మాత్రం టీ హోటల్లో నవ్వులే నవ్వులు. "పిచ్చి డాక్టరు కార్పొరేటరై ఏం చేస్తాడు? మోరీలు తీయిస్తాడా? నల్లా నీళ్లు తెప్పిస్తాడా?"

ఈ నవ్వు మనకే చేటు. మనసు వైద్యుడికి మునిసిపాలిటీలో తప్పకుండా పని ఉంది. అయితే ఆ పని మనకు ఓర్పు నేర్పడం కాదు. మనకు రావలసిన డబ్బును బడ్జెట్‌లో రాయించడం!

మిల్లు మూతపడితే మనిషికి ఏమవుతుందో లెక్కకట్టి చూసినవాళ్లున్నారు. ఆస్ట్రియాలో వియన్నా నగరానికి దగ్గర మారియెన్తాల్ అనే మిల్లు ఊరు ఉంది. 1929-30లో అక్కడి బట్టల మిల్లు మూతపడింది. 478 కుటుంబాలున్న ఆ ఊరి స్థితిని 1931-32లో మరీ యహోడా అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు పరిశీలించారు. పనిలేని మగవాళ్లు వీధిలో నాలుగడుగులు వేసి ఆగిపోతున్నారు, పోవలసిన చోటు లేదు కనుక. ఆడవాళ్లకు ఆగడానికి తీరికే లేదు, ఇంటి చాకిరీకి లాకౌట్ లేదు కనుక! గ్రంథాలయంలో రుసుము ఎత్తేశారు, కావలసినంత తీరిక ఉంది, అయినా తీసుకునే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఆకలి వేస్తే జనం తిరగబడతారని అనుకుంటాం. ఆ ఊళ్లో కనిపించింది తిరుగుబాటు కాదు, నిస్పృహ. యజమానికి ఇంతకన్నా ఏం కావాలి? నిస్పృహలో మునిగినవాడు యూనియన్ మీటింగుకు రాడు.

అంత దూరం పోనక్కరలేదు. 1982 జనవరి 18న బొంబాయిలో మొదలైన సమ్మె తరువాత మిల్లు గేటు మళ్లీ దాటని వేలాదిమందిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. షోలాపూర్‌లో భోంగా మోత ఆగిపోయిన పేటల్లో కట్టమీద కూర్చుండిపోయిన పెద్దమనుషులను మీరు చూడలేదా? మనలో ఎందరికో పుట్టిల్లయిన తెలంగాణలో సిరిసిల్ల సంగతి చూడండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి సాంచాలు నడిచాయి. 2024లో ఆర్డర్లు లేక సాంచాలు ఆగాయి, నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాయి. వాళ్ల మనసు బలహీనమై సాంచా ఆగిందా? సాంచా ఆగి మనసు చితికిందా?

కొందరు నిపుణులు ఈ ప్రశ్న అడగరు. యాజమాన్యం పిలిస్తే కారులో వచ్చి, "ఒత్తిడిని జయించండి" అని ఉపన్యాసం చెప్పి, టీ తాగి వెళతారు. పన్నెండు గంటలు నిలబడినవాణ్ణి కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టమంటారు. రెండు సాంచాలు నడిపేవాడికి ఆరు అప్పజెప్పి, వాడికి నిద్ర పట్టకపోతే రోగం వాడిదేనట! అలాంటివాడు కార్పొరేటరైతే మనకు ఒరిగేది లేదు.

మరో రకంవాళ్లూ ఉన్నారు. యోసెఫ్ ఫ్రీడ్యుంగ్ పిల్లల వైద్యుడు, ఫ్రాయిడ్ నడిపిన మనోవిశ్లేషణ సంఘంలో సభ్యుడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన సోషల్ డెమోక్రాట్ల తరఫున వియన్నా నగరసభలో కూర్చున్నాడు. ఆ నగరసభ ఓదార్పు మాటలతో సరిపెట్టలేదు. 1923లో ఇళ్ల నిర్మాణం కోసం పన్ను వేసింది. భవనాలవాడికి పెద్ద పన్ను, గదిలో ఉండే కార్మికుడికి చిన్న పన్ను. 1934 లోపల 60 వేలకు పైగా ఇళ్లు కట్టించింది. గాలి, వెలుతురు, నీళ్లు ఉన్న ఇల్లు కూడా మనసుకు మందే! అది కంటగింపైన పాలకులు 1934 ఫిబ్రవరిలో ఆ కార్మికుల ఇళ్లమీదే ఫిరంగులు పేల్చారు.

వాడ దవాఖానాలో మనసు వైద్యం సాధ్యమేనా? సాధ్యమేనని మన బళ్ళారి జిల్లా చూపించింది. 1980లలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వాళ్లు అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి వైద్యం నడిపించారు. 1996లో వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సర్కారు ఖర్చుతో వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు అంటోంది. పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల్లో ప్రజారోగ్యం ఒకటని రాజ్యాంగం 12వ షెడ్యూలు చెబుతోంది. కాబట్టి మోరీ, నల్లా ఎంతో, ఇదీ అంతే మునిసిపాలిటీ పని!

మనలోని సిగ్గును కూడా వదిలించుకోవాలి. వేలు తెగితే అందరికీ చూపిస్తాం. మూడు నెలలుగా నిద్ర లేదంటే ఇంట్లో కూడా చెప్పుకోం. గాలి సోకిందంటాం, తాయెత్తు కడతాం, సారా దుకాణానికి నడుస్తాం. సంఘం ఉన్నది కూలి పెంచడానికే కాదు, ఒకరి బాధ ఒకరు వినడానికి కూడా. రాత్రి పగలు ఎప్పుడైనా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో సర్కారు మొదలుపెట్టిన ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక ఓటు అడగవచ్చే మనసు డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగండి.

1. డాక్టరుగారూ, కార్పొరేషన్ దవాఖానాల్లో మనసు వైద్యానికి, ఉచిత మందులకు బడ్జెట్‌లో ఎంత రాయిస్తారు?

2. మేం షిఫ్టు దిగే వేళకు దవాఖానా తెరిచి ఉంటుందా? లేక మందు కోసం మేం ఆ రోజు కూలి పోగొట్టుకోవాలా?

3. తెలుగులో వినే మనిషిని పెట్టిస్తారా? మరాఠీలో, కన్నడంలో, తమిళంలో, ఒడియాలో మేం బేరం ఆడగలం. ఏడుపు మాత్రం అమ్మ భాషలోనే వస్తుంది.

4. కార్ఖానా మూసిన రోజు గేటు దగ్గర మాతో నిలబడతారా? లేక మర్నాడు ఓదార్చడానికి వస్తారా?

జవాబులు మీటింగులో, మైకులో, అందరి ముందు చెప్పించండి. గెలిచాక మూడు నెలలకోసారి వాడకు పిలిచి లెక్క అడగండి. ఈ ఓటు ఊరికే వచ్చింది కాదు. షోలాపూర్‌లో 2017లో ఎన్నికైన సభ గడువు 2022లో తీరిపోతే ఏళ్లపాటు అధికారి పాలనే సాగింది. యానాంలో 2006 ఎన్నికల తరువాత ఏళ్ల తరబడి మునిసిపల్ ఎన్నికలే పెట్టలేదు. అడగడానికి కార్పొరేటరే లేకుండా చేసిన పాలకులకు మన నవ్వులాట కూడా తోడవ్వాలా?

ఓటు డిగ్రీకి కాదు, జవాబుకు!
ఓదార్పు కాదు, వైద్యం హక్కు!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!