ఇప్పచెట్టు కింద అలికిడి

ఎండలు ముదిరే రోజుల్లో భద్రాచలం చుట్టుపక్కల అడవిలో జనం కోడి కూయకముందే లేస్తారు. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది, పశువులు నోరు పెట్టకముందే ఏరుకోవాలి. చీకట్లో బుట్ట పట్టుకుని చెట్టు కింద వంగిన ఆడమనిషికి వెనక ఎండుటాకుల్లో గరగరమని వినిపిస్తుంది. గాలి కావచ్చు, ఉడుత కావచ్చు. గుడ్డెలుగు కూడా కావచ్చు, ఇప్పపువ్వు తీపికి అదీ ఆ వేళకే వస్తుంది. ఆమె ఆలోచించదు. బుట్ట అక్కడే వదిలి నాలుగడుగులు దూరం జరుగుతుంది. ఆ తర్వాతే తిరిగి చూస్తుంది.

ఆ నాలుగడుగుల వెనక చాలా పాత లెక్క ఉంది. గాలిని ఎలుగనుకుంటే పోయేది గుప్పెడు పువ్వు. ఎలుగును గాలనుకుంటే పోయేది ప్రాణం. ఊరికే బెదిరినవాళ్లు బతికి పిల్లల్ని కన్నారు, బెదరనివాళ్లలో కొందరు మృగాల నోటపడ్డారు. వేల తరాలు ఇదే జరిగాక బెదురు మన పుట్టుకలోనే చేరిపోయింది. అమెరికా మనోవైద్యుడు ర్యాండాల్ఫ్ నెస్సీ దీన్ని పొగను పసిగట్టి మోగే అలారంతో పోల్చాడు. పోపు మాడినా మోగే అలారాన్ని మనం భరిస్తాం, ఇల్లు అంటుకున్న రోజున మోగకపోతే బతకలేం గనుక.

డార్విన్ ఈ బెదురును తన మీదే పరీక్షించుకున్నాడు. లండన్ జంతుప్రదర్శనశాలలో దళసరి అద్దానికి అవతల పఫ్ యాడర్ అనే ఆఫ్రికా విషసర్పం ఉంది. ఆయన మొహం అద్దానికి దగ్గరగా పెట్టి, పాము కాటుకు వచ్చినా కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము అద్దాన్ని కొట్టగానే గజం రెండు గజాలు వెనక్కి ఎగిరాడు. అద్దం పగలదని ఆయనకు తెలుసు, అయినా ఆ తెలివి కాళ్లదాకా దిగలేదు. మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావోద్వేగాలు ఎలా బయటపడతాయో వివరిస్తూ 1872లో అచ్చువేసిన పుస్తకంలో ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు.

మన హేతువాద సభల్లో ఈ ముచ్చట చెప్పేవాళ్లు తక్కువ. భయపడినవాణ్ణి మూఢుడని, చదువులేనివాడని అనేసి చేతులు దులుపుకుంటాం. డార్విన్‌కు చదువు తక్కువై వెనక్కి ఎగరలేదు కదా.

బెదురుకు ఇంకో గుణం ఉంది. అలికిడి వినగానే ‘ఏమిటది’ అనడానికి ముందే ‘ఎవరది’ అంటుంది. మనిషికి మనిషే పెద్ద అండ, మనిషే పెద్ద గండం. పదిమంది కలిసి వేటాడి పంచుకుతిన్న కాలంలో ఎవరు మనవాళ్లో, ఎవరు లోలోపల కుళ్లుకుంటున్నారో పసిగట్టగలిగినవాళ్లే బతికి బట్టకట్టారు. ఆ పసిగట్టే గుణం ఇప్పటికీ మనలో మేలుకునే ఉంది. ఎవరూ లేనిచోట కూడా అది ఎవర్నో వెతుకుతుంది.

గోదావరి పక్క గూడెంలో ఒక ఇల్లు అనుకోండి. పెద్ద పిల్లాడికి పసితనంలోనే చేతులూ పాదాలూ వాచాయి. తర్వాత ఎముకల్లో కత్తి దింపినట్టు నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం. తగ్గుతుంది, మళ్లీ తిరగబెడుతుంది. ఒకరోజు పిల్లాడు దక్కలేదు. రెండేళ్లకు చెల్లెలికీ అదే వరస. పక్కింటి పిల్లలు మాత్రం నిక్షేపంగా ఆడుకుంటున్నారు. అదే వాగు నీళ్లు, అవే దోమలు, అదే జావ. ఆ తల్లి అడిగే ప్రశ్న ఒక్కటే: మా ఇంటికే ఎందుకు?

ఈ ప్రశ్న ఆమె ఒక్కతిదే కాదు. ఆఫ్రికాలో అజాండే జనం గురించి 1937లో మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ రాసిన పుస్తకంలో ఒక గాదె ఉంటుంది. గుంజల్ని చెదలు తినేస్తే గాదె కూలిందని అజాండేలకు బాగా తెలుసు. సరిగ్గా ఆ మనుషులు కింద కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది అన్నదానికే వాళ్లు మంత్రగాణ్ణి వెతికారు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి చెదల సంగతి చెబితే చాలదు.

ఆ గూడెంలో ఈ ప్రశ్నకు జవాబు నెత్తురులో ఉంది. సికిల్ సెల్ జబ్బులో గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్న నాళాల్లో అడ్డం పడతాయి. నొప్పి అందుకే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ మారిన జన్యువులైతే జబ్బు వస్తుంది. ఒక్కటే ఉంటే రాదు సరికదా, ప్రాణం తీసే మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఎర్రకణాల్లోని ఇలాంటి వంశపారంపర్య లోపాలు మలేరియా ఉన్నచోటే ఎందుకు నిలిచాయో 1949లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఊహించాడు. సికిల్ సెల్ విషయంలో 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో దాన్ని రుజువు చేశాడు. మన దేశంలో ఈ జన్యువును 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. మలేరియాను తరతరాలుగా మోసిన గోదావరి ఏజెన్సీలోనూ అది ఉంది.

అమ్మానాన్నలిద్దరిలో ఒక్కో కాపీ ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పక్కింటి పిల్లలు బాగుండటానికీ, ఈ ఇంట్లో ఇద్దరూ మంచానపడటానికీ అదే కారణం. ఎవరూ ఏమీ చెయ్యలేదు.

ఒక పాలు ఉంటే కాపాడి, రెండు పాళ్లయితే చంపే ఆ జన్యువును చూస్తే నాకు భయమే గుర్తొస్తుంది. ఇప్పచెట్టు కింద ఆమెను కాపాడిన బెదురే, ఇంట్లో శవం లేచిన రాత్రి పదిమంది నోట పడి రెట్టింపవుతుంది. అప్పుడు ఒక పేరు బయటికొస్తుంది. ఆ పేరు ఎవరిదో ముందే చెప్పొచ్చు: అండలేని ముసలామె, పసరు మందులిచ్చే పెద్దాయన, గట్టు తగాదా ఉన్న దాయాది. ‘మంత్రాల నెపంతో’ అన్న మాట మన పేపర్ల జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. దేశంలో జరిగిన హత్యల కారణాలు రాసే జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) పట్టికలో మంత్రవిద్యకు వేరే గడే ఉంది.

ఇదంతా అడవిలోవాళ్ల సంగతి అనుకునే ఖమ్మం పాఠకుడు ఒకసారి తన అపార్ట్‌మెంటు గుమ్మం వైపు చూడాలి. వేలాడే బూడిద గుమ్మడికాయ ఎవరి కోసం? కొత్త కారు టైరు కింద నిమ్మకాయ ఎవరి చూపుకు విరుగుడు? దిష్టి అంటే ఎవరో మనల్ని చూసి కుళ్లుకుంటున్నారన్న అనుమానమే, గూడెంలో చేతబడి అనిపించుకునేదీ అదే. తేడా ఒక్కటే: పట్నంలో పిల్లాడికి జబ్బు చేస్తే చేతికి రిపోర్టు వస్తుంది, రోగానికి పేరుంటుంది. పేరున్న రోగం వస్తే పక్కింటివాళ్ల మీదికి గొడ్డలి తీసుకుని ఎవరూ వెళ్లరు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బెదురు పుట్టుకతో వచ్చింది. చేతబడి పుట్టుకతో రాలేదు, దానికోసం జన్యువేదీ లేదు. అలికిడికి ఆ పేరు పెట్టడం ఊరు నేర్పింది, ఊరు నేర్పినదాన్ని ఊరే మాన్పగలదు. పరిణామశాస్త్రం హత్యకు సాకు కాదు. ‘మనిషి స్వభావమే అంత’ అని హంతకుణ్ణి వెనకేసుకొచ్చేవాళ్లకు డార్విన్ పేరెత్తే హక్కు లేదు. జ్వరం ఎందుకొస్తుందో తెలిసిన డాక్టరు జ్వరాన్ని వదిలెయ్యడు గదా.

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా కుంట చేరితే ఛత్తీస్‌గఢ్. మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని శిక్షించడానికి అక్కడ 2005లోనే ప్రత్యేక చట్టం చేశారు. ఆ పక్కనే ఉన్న ఒడిశా 2013లో చేసింది. అదే ఏడాది ఆగస్టు 20న పుణెలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపాక మహారాష్ట్ర కూడా చట్టం తెచ్చింది. ఈ మూడు రాష్ట్రాలు చేసిన పనిని తెలంగాణ చెయ్యలేదు. మనిషి చచ్చాక పెట్టే హత్య కేసు తప్ప, పేరు బయటికొచ్చిన రాత్రే ఆ ముసలామెకు అడ్డం నిలబడే ప్రత్యేక చట్టం మనకు లేదు. అసెంబ్లీలో కూర్చున్నవాళ్లు, ముఖ్యంగా ఏజెన్సీ ఓట్లతో గెలిచినవాళ్లు, దీనికి జవాబు చెప్పాలి.

చట్టం వచ్చేదాకా మనం చెయ్యగలిగింది ఉంది. సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది, గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేయిస్తోంది. ఒక చుక్క నెత్తురు చాలు. హైడ్రాక్సీయూరియా మాత్రలతో నొప్పులు తగ్గించవచ్చు. మేనరికం ఖాయం చేసుకునే ముందు ఇద్దరికీ పరీక్ష చేయిస్తే పుట్టబోయే బిడ్డ సంగతి ముందే ఆలోచించుకోవచ్చు.

గూడేల్లో పనిచేసే టీచర్లకు, ఆశా కార్యకర్తలకు, హేతువాద మిత్రులకు నాదొక విన్నపం. పిల్లాడికి ఒళ్లునొప్పులు పదేపదే వస్తున్నాయని గూడెం పూజారి వడ్డె దగ్గరికి బయల్దేరిన తల్లిని తిట్టకండి. ఆమె వెంట మీరూ నడవండి, ఆమె చెప్పుకునేదంతా వినండి. తిరుగుదారిలో పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లి నెత్తురు పరీక్ష చేయించి, ఆ కాగితం ఊరందరి ముందు చదివి వినిపించండి.