బెంగళూరా, హైదరాబాదా?

ఏ ఊరు మేలని మగవాళ్ళు జీతాలు, ట్రాఫిక్కు లెక్కలేసి వాదించుకుంటారు. రోజంతా ఇంట్లో ఉండే మనల్ని అడగరు. చల్లదనంలో బెంగళూరుదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది మరి! (మే నెలలో హైదరాబాదు వంటింట్లో నిలబడితే ఆ తేడా తెలుస్తుంది.) నీళ్ళ మాటేమిటి? అక్కడికి కావేరి, ఇక్కడికి కృష్ణ, రెండూ దాదాపు 100 కిలోమీటర్ల నుంచి పంపులతో రావలసిందే. 2024 వేసవిలో అక్కడ బోర్లెండిపోయి ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు విన్నాంగా. ఫోన్లు చేసేదీ, బకెట్లు నింపిపెట్టేదీ ఎవరు? ఇక్కడ శివారు అపార్ట్‌మెంట్లలోనూ అంతే లెండి.

అయినా నా ఓటు హైదరాబాదుకే. ఇక్కడ మా అత్తగారు ఒక్కరే బజారుకెళ్ళొస్తారు. బెంగళూరులో తెలుగువాళ్ళకి కొదవలేదు కానీ, ఆవిడ మోకాళ్ళనొప్పి సంగతి డాక్టరుకి నేనో, మావారో పక్కనుండి ఇంగ్లీషులో చెప్పాలి.